ఆపమన్నాక ఒక దెబ్బ

దరువు మాష్టారికి అసలు పేరొకటి ఉంది. అది జీతం రసీదు మీదా, ఆసుపత్రి ఫైలు మీదా తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. ఇరవయ్యారేళ్ళుగా డ్యాన్సు స్కూలు పిల్లలకి ఆయన దరువు మాష్టారే. వాళ్ళ అమ్మానాన్నలకీ అంతే. సొంత బావమరిది కూడా పదిమందిలో చెప్పాల్సివస్తే "మా దరువు బావ" అనేవాడు. ఎడమవైపు పెద్ద డోలు, కుడివైపు చిన్న డోలు, రెండిటి వెనకాల ఒక పల్చటి దిండు, దాని మీద ఈయన. హాల్లో అద్దానికీ కిటికీకీ మధ్య ఆ దిండు వేసిన చోట చెక్క నేల మిగతా నేలకంటే నున్నగా మెరుస్తూ ఉంటుంది. అరగదీసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఏడు నెలల కిందట ఒక మంగళవారం పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఉంటే బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. వంగి తీసుకున్నాడు, మళ్ళీ జారింది. మూడోసారి చెయ్యే లేవలేదు. పక్షవాతం అన్నారు. మాట వారంలో తిరిగొచ్చింది, కాలు నెలన్నరలో దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం అలిగి కూర్చున్న చుట్టంలా ఎంత బతిమాలినా కదల్లేదు. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువు ఎందుకో ఆయనకే తెలియాలి.

డ్యాన్సు స్కూలు నడిపే మేడం ఒకరోజు ఇంటికొచ్చింది. పళ్ళు తెచ్చింది, కుర్చీ అంచున కూర్చుంది, మంచినీళ్ళు ముట్టుకోలేదు. ఆవిడకి ఎవరిమీద ఎంత ప్రేమ ఉంటే అంత కటువుగా మాట్లాడే అలవాటు.

"మాష్టారూ, నాకు తిప్పి తిప్పి మాట్లాడ్డం రాదు. వచ్చే నెల పదిహేనున 'వరద' వేస్తున్నాం. గంటన్నర నాటకం. ఇన్నాళ్ళూ నోటితో లెక్క చెప్పి నెట్టుకొచ్చాను, పిల్లలు చెక్కబొమ్మల్లా ఆడుతున్నారు. ఒకతన్ని చూశాను, బాగానే వాయిస్తున్నాడు. మీరేదైనా దారి చూసుకుని ఐదో తారీఖు రిహార్సలుకి వస్తే ఆ చోటు మీదే. రాలేకపోతే అతన్నే పెట్టుకుంటాను. పెట్టుకున్నాక మళ్ళీ పొమ్మనలేను, అది తప్పు కదండీ."

"వస్తాను మేడం" అన్నాడు మాష్టారు. ఎలా వస్తాడో ఆయనకే తెలియదు. నోరు తనంతట తాను అనేసింది.

ముందుగదిలో స్కూలు యూనిఫారాలు కుడుతున్న ఆవిడ, అంటే మాష్టారి భార్య, ఆ మాటకి మిషను ఆపేసింది. మేడం మెట్లు దిగిందో లేదో, తమ్ముడికి ఫోను కలిపింది. "మీ బావ మొహం చూళ్ళేకపోతున్నానురా. నీ దగ్గరున్న కరెంటు సామాన్లలో ఒక్క చేత్తో వాయించేది ఏదైనా ఉంటే పట్రా."

బావమరిది ఒక స్టూడియోలో కీబోర్డు వాయిస్తాడు. మర్నాడే సంచీలో ఒక యంత్రాన్ని తెచ్చి మంచం మీద పెట్టాడు. ఫైలంత వెడల్పు, ఇటుకంత బరువు. మీద పదహారు రబ్బరు ప్యాడ్లు, చుట్టూ లెక్కలేనన్ని బటన్లు, తిప్పే మరలు, అగ్గిపెట్టెంత తెర.

"దీన్ని శాంప్లర్ అంటారు బావా. ఏ శబ్దం కావాలంటే అది దీంట్లోకి ఎక్కించుకోవచ్చు. ముక్కలు కొయ్యొచ్చు. ఒక్కో ముక్కని ఒక్కో ప్యాడు మీద పెట్టి వేలితో కొట్టడమే. నీ ఎడంచెయ్యి బంగారం, ఐదు వేళ్ళు చాలు."

"చూస్తే విమానం నడిపేదాన్లా ఉంది కదరా."

"మొదట్లో అలాగే ఉంటుంది. రెండ్రోజుల్లో నువ్వే నాకు నేర్పుతావు."

గంటసేపు గబగబా చూపించి, రెండువందల పేజీల పుస్తకం చేతిలో పెట్టి, కచేరీల బృందంతో ఊరు దాటిపోయాడు. మాష్టారికి ఆ గంటలో అర్థమైంది ఒక్కటే, ఆన్ చేసే బటను వెనకవైపు ఉందని.

ఐదో తారీఖుకి ఇంకా ఇరవైమూడు రోజులు ఉన్నాయి.

అందులో ఎనిమిది రోజులు శుద్ధ దండగ అయ్యాయి. యంత్రంలో ముందే పెట్టి ఉన్న డోలు శబ్దాలు ఉన్నాయి. మాష్టారు ప్యాడు కొడతాడు. "టక్" మంటుంది. ఇంకో ప్యాడు కొడతాడు. అదీ "టక్". గట్టిగా కొడితే గట్టి టక్, మెల్లగా కొడితే మెల్లని టక్. మోత లేదు, ఊపిరి లేదు. బావమరిది వేలు పెడితే ధిమ్మని మోగిన ప్యాడే ఈయన వేలు తగిలేసరికి గొంతు నొక్కినట్టు ఆగిపోయేది. పుస్తకం తిరగేశాడు. అందులో ప్రతి మాటకీ ఇంకో పేజీ చూడమని ఉంది, ఆ పేజీలో మళ్ళీ మొదటి పేజీ చూడమని ఉంది. ఏదో బటను నొక్కబోయి ఇంకేదో నొక్కి, ఉన్నవాటిలో సగం చెరిపేశాడు. తల ప్రాణం తోకకొచ్చింది. పోనీ ఫోను చేద్దామంటే అభిమానం. యాభయ్యారేళ్ళ మనిషి, ఎన్ని వందల పాదాలకి నడక నేర్పినవాడు, రబ్బరు ముక్కని మోగించడం రావడం లేదని ఎవరికి చెప్పుకుంటాడు?

తొమ్మిదో రోజు పొద్దున్న ఎవరికీ చెప్పకుండా కర్ర పట్టుకుని స్కూలు దాకా నడిచాడు. లోపలికి వెళ్ళలేదు. కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల మేడం చెప్పిన ఆ కొత్త డ్రమ్మరు, ఐదో తారీఖు దాకా సర్దుబాటుకి వచ్చినవాడు, వాయిస్తున్నాడు. వాడు పనికిరానివాడైతే బాగుండునని దారి పొడుగునా కోరుకుంటూ వచ్చాడు, అబద్ధం ఎందుకు. వాడు బాగా వాయిస్తున్నాడు. తడబాటు లేదు, తొందర లేదు. పిల్లల పాదాలు కూడా హాయిగా పడుతున్నాయి. మాష్టారికి ఏడుపొచ్చింది. కోపం వచ్చినా బాగుండేది, దానికైనా కాస్త బలం ఉంటుంది.

ఇంటికొచ్చి, యంత్రాన్ని సంచీలో పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"మీ తమ్ముడికి ఇచ్చెయ్యి" అన్నాడు. "నా పని అయిపోయింది."

ఆవిడ సంచీలోంచి మళ్ళీ యంత్రాన్ని తీసి, తమ్ముడికి ఫోను చేసి, ఆయన కొట్టినట్టే ప్యాడ్లు తట్టి తట్టి వినిపించింది. "టక్కుటక్కుమంటోందిరా. చచ్చిన శబ్దం."

"బావని ఒకసారి కొట్టమను అక్కా, నేను వింటాను."

మాష్టారు లేచి కూర్చుని విసురుగా ఒకటి కొట్టాడు. టక్.

అవతల బావమరిది నవ్వడం మొదలుపెట్టాడు. "బావా, కొట్టగానే వేలు తీసేస్తున్నావా?"

"తియ్యకపోతే ఎలా మోగుతుందిరా?"

అక్కడే ఉంది అసలు కథ. డోలు వాయించేవాడు కొట్టిన మరుక్షణం చెయ్యి తీసెయ్యాలి. చెయ్యి అక్కడే ఉంచితే తోలు మూగబోతుంది. ఈయన వేళ్ళకి అది నలభయ్యేళ్ళ వెనకటి అలవాటు. ఈ యంత్రం తీరు దానికి సరిగ్గా తలకిందులు. వేలు ఉన్నంతసేపే మోగుతుంది, తీస్తే నోరు మూస్తుంది. లోకంలో ఇంకెవరు ముట్టుకున్నా మోగేదే, డోలు మాష్టారి చేతిలోనే చచ్చిపోతోంది. దాన్ని మార్చడానికి ఒక చిన్న అమరిక ఉందనీ, తట్టి వదిలేసినా శబ్దం చివరిదాకా మోగుతుందనీ బావమరిది చెప్పాడు. అరనిమిషం పని. అరనిమిషం పనికి ఎనిమిది రోజులు పోయాయి. ప్యాడు ధిమ్మని మోగగానే మాష్టారు ఎడమ అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

మోగింది సరే, అది ఎవరి డోలు? ఎక్కడో ఎవరో కొట్టిన డోలు. ఉప్పూ కారం లేని కూడులా ఉంది. సొంత డోళ్ళ శబ్దం ఎక్కిద్దామంటే ఎడమచేతి దెబ్బలు సరిపోయాయి, కుడిచేతి దెబ్బలు ఎవరు కొట్టాలి? నాటకమంతా నడిచేది ఆ చిన్న డోలు మీదే. ఆవిణ్ణి కూర్చోబెట్టి కొట్టించాడు.

"మణికట్టు వదలాలి. అంత బలంగా కాదు. అబ్బా, పరుపు దులుపుతున్నావా?"

"నాకు సూది పట్టుకోవడం వచ్చు, ఇదెక్కడొచ్చు? మీరు నలభయ్యేళ్ళు నేర్చుకున్నది నాకు పూటలో రమ్మంటే ఎలా?" అని ఆవిడ లేచిపోయింది. అదీ నిజమే.

అప్పుడు గుర్తొచ్చింది మంచం కింద పెట్టె. మేడం పూర్వం ప్రతి రిహార్సలునీ చిన్న టేపు రికార్డర్లో పట్టేది, ఎవరి అడుగు ఎక్కడ తప్పిందో తర్వాత వినడానికి. ఫోన్లు వచ్చాక ఆ క్యాసెట్లన్నీ పారేయబోతుంటే ఈయన మోసుకొచ్చాడు. పదేళ్ళుగా ఆ పెట్టె ఆవిడ చీపురుకి అడ్డం. తొంభై పైచిలుకు క్యాసెట్లు, ప్రతిదాంట్లోనూ తన కుడిచెయ్యి. పెట్టె లాగి దుమ్ము దులిపాడు.

టేపు రికార్డరు నుంచి యంత్రానికి తీగ కలిపి వినడం మొదలుపెట్టాడు. రెండు క్యాసెట్లు, ఐదు, పది. చెయ్యి మహరాజులా నడుస్తోంది, కానీ ఒక్క దెబ్బా ఒంటరిగా లేదు. ప్రతి దెబ్బ మీదా మేడం గొంతు "ఒకటీ, రెండూ, మూడూ", లేకపోతే ఇరవై పాదాల చప్పుడు, లేకపోతే ఎవరో దగ్గడం. ఇరవయ్యారేళ్ళలో ఈయన డోలు విడిగా ఎవరూ వినలేదు, ఈయన కూడా. అదెప్పుడూ ఇంకొకరి అడుగు కిందే ఉంది.

ఉన్నంతలో మంచి దెబ్బ ఒకటి కోసి ప్యాడు మీద పెట్టాడు. దాని చివర ఒక పిల్ల తుమ్ము అంటుకుని వచ్చింది. ఒకసారికి ఫరవాలేదనుకుని దరువు వేసి చూశాడు. తక తుమ్ము, తక తుమ్ము, తకతక తుమ్ముతుమ్ము. ముందుగదిలో మిషను ఆగిపోయింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఏడు నెలల తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదలు. మాష్టారూ నవ్వాడు. నవ్వు ఆగాక ఇంకా ఘోరంగా అనిపించింది. అప్పటికి మిగిలింది తొమ్మిది రోజులు.

ఆ మధ్యాహ్నం చేతులెత్తేసి, టేపుని దాని మానాన వదిలేసి కూర్చున్నాడు. వినడం లేదు. మనసు ఎక్కడో ఉంది. టేపులో మేడం గట్టిగా "ఆపండి" అంది. ఇరవై పాదాలు ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, ధిమ్మని, ఒకే ఒక్క దెబ్బ.

తర్వాత మేడం గొంతు: "ఆపమంటే ఆపరేం మాష్టారూ?"

తర్వాత తన గొంతు, పడుచుగా, సిగ్గుగా: "చెయ్యి వినలేదు మేడం."

పిల్లల నవ్వులు.

మాష్టారు నిటారుగా కూర్చున్నాడు. అది ఆయన పాత తెగులు. ఆపమన్న మాట చెవిన పడేసరికే చెయ్యి పైకి లేచిపోయి ఉండేది. లేచిన చేతిని గాల్లో పట్టుకోవడం ఆయనకి ఎన్నడూ చేతకాలేదు. అందరూ ఆగాక ఒక దెబ్బ మిగిలిపోయేది. దానికి ఇరవయ్యారేళ్ళు తిట్లు తిన్నాడు, ఇరవయ్యారేళ్ళూ అదే జవాబు చెప్పాడు, తనలో తాను సిగ్గుపడ్డాడు. ఇప్పుడు ఆ తప్పు దెబ్బలే దక్కాయి. వాటి మీద లెక్క లేదు, పాదం లేదు, తుమ్ము లేదు. తన కుడిచెయ్యి ఒక్కటే, ఆ హాలు మోతతో సహా.

"ఇదిగో, ఒకసారి ఇలా రా" అని ఆవిణ్ణి కేకేశాడు.

నాలుగు రోజులు ఇద్దరూ క్యాసెట్లు జల్లెడ పట్టారు. "ఆపండి" వినిపించినచోటల్లా ఆవిడ కాగితం మీద గుర్తు పెట్టింది. నలభై ఒక్క దెబ్బలు దొరికాయి. వానాకాలంలో తోలు వదులైన దెబ్బ, ఎండల్లో బిగుసుకున్న దెబ్బ, అంచు మీద పడ్డది, కోపంగా పడ్డది. మేడం మాటకీ దెబ్బకీ మధ్య కన్ను మూసి తెరిచేంత సందు. మరని వెంట్రుకవాసి తిప్పుతూ మాటని కోసేసి దెబ్బని మిగిల్చాడు. ఒక్కటి మాత్రం లొంగలేదు. అన్నిటికంటే గొప్ప దెబ్బ అదే, కానీ మాట చివర మీదే పడింది. కోస్తే దెబ్బ తల తెగిపోతోంది. దాన్ని మాటతో సహా పదహారో ప్యాడు మీద ఉంచి, తర్వాత చూద్దామనుకున్నాడు. పొరపాటున చెయ్యి పడకుండా ఆవిడ గుడ్డ మీద గీసే సుద్దతో దాని మీద అడ్డగీత పెట్టింది.

ఆఖరి రోజుల్లో ఇంకొకటి జరిగింది. మర ఒకటి ఎక్కువ తిప్పేసరికి ఒక దెబ్బ బరువెక్కి, గొంతు దించి, కొండ లోపలనుంచి వచ్చినట్టు మోగింది. ఇంకా తిప్పితే నీళ్ళు కదిలినట్టు సాగింది. అటు తిప్పితే సన్నబడి చినుకైంది. ఒకే దెబ్బని ఎనిమిది ప్యాడ్ల మీద ఎనిమిది స్థాయిల్లో పరిచి, మొదట చినుకులు, తర్వాత జల్లు, తర్వాత గట్టు తెగిన వరద, అన్నీ ఐదు వేళ్ళతో పలికించి చూశాడు. డోలు మీద ఏనాడూ చెయ్యలేని పని అది. పోయిన చేతికి అతుకు వేసుకుంటున్నాననే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆ పూట మాత్రం కొత్తగా ఏదో నేర్చుకుంటున్నానని తోచింది. వెంటనే భయమూ వేసింది, ఇంత దగ్గరికొచ్చి పోతే తట్టుకోలేనని.

ఐదో తారీఖు పొద్దున్న ఆవిడే సంచీ మోసుకొచ్చింది. హాల్లో మాష్టారి దిండు మీద కొత్త డ్రమ్మరు కూర్చుని ఉన్నాడు. చూడగానే లేచి, "రండి మాష్టారూ" అని పక్కకి జరిగాడు. ఆ మర్యాద కూడా గుచ్చుకుంది. బల్ల మీద యంత్రం పెట్టి, స్పీకరు తగిలించి, మాష్టారికి కుర్చీ వేశారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. మేడం చేతులు కట్టుకుని, "కానివ్వండి" అంది.

చినుకులు మొదలయ్యాయి. పిల్లలు మొదటి వరస అడుగు తప్పారు. అలవాటు లేని శబ్దం. మాష్టారు కాస్త నెమ్మదించి, వాళ్ళ పాదాలు చూస్తూ వాయించాడు. పాదం ఎక్కడ బరువు వేస్తుందో ఆయనకి తెలుసు, దానికొక్క చిటికె ముందు దెబ్బ వేశాడు. అడుగులు కలిశాయి. జల్లు ముదిరింది. గట్టు తెగింది. పిల్లలు హాలు ఈ కొసనుంచి ఆ కొసకి పొర్లుతున్నారు. కొత్త డ్రమ్మరు ముందుకి వంగి ఆ ఎడంచేతినే చూస్తున్నాడు. మాష్టారికి ఒళ్ళు తెలియలేదు.

సంచీలో రాపిడికి సుద్దగీత చెరిగిపోయిందని ఎవరూ చూసుకోలేదు. చిటికెనవేలు పదహారో ప్యాడు మీద పడింది.

"ఆపండి" అంది స్పీకరు, పదిహేనేళ్ళ కిందటి మేడం గొంతుతో. ఆ వెనకే ఆ గొప్ప దెబ్బ మోగి హాలంతా పరుచుకుంది.

పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఒక పిల్ల ఎత్తిన కాలు దించలేదు. మేడం కూడా ఎవరన్నారా అని వెనక్కి తిరిగి చూసింది. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు మాష్టారు. తలుపు దగ్గర ఆవిడ కొంగు పిడికిట్లో బిగించుకుంది.

ఆ నిశ్శబ్దంలో, ఆయన ప్రమేయం లేకుండానే, అప్పటికే లేచి ఉన్న ఎడంచెయ్యి కిందికి దిగింది. ధిమ్మని ఒక దెబ్బ పడింది.

"ఆపమంటే ఆపరేం మాష్టారూ?" అంది మేడం. అనుకుని అన్నది కాదు, అలవాటుగా వచ్చేసింది.

"చెయ్యి వినలేదు మేడం" అన్నాడు మాష్టారు. అదీ అలవాటే.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన పక్కన వేలాడుతున్న కుడిచేతిని మేడం చూసింది. చూసి కిటికీవైపు తిరిగి, చాలాసేపు అక్కడే నిలబడింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే కటువుగా ఉంది.

"ఏం చూస్తున్నారు? వరసల్లోకి రండి. మాష్టారూ, మళ్ళీ మొదట్నించి."

కొత్త డ్రమ్మరు నేల మీంచి ఆ పాత దిండు తీసి, దులిపి, మాష్టారిని లేపి ఆయన కుర్చీలో వేశాడు. మాష్టారు దాని మీద సర్దుకుని కూర్చుని, ఎడంచెయ్యి ఎత్తాడు.